కవరు పారేయకండి: ఖైదీల పిటిషన్లు చదివే కొలువుకు వెళ్లేవారికి

అమెరికాలో లా చదివి, బార్ పరీక్ష గట్టెక్కి, మొదటి ఉద్యోగం వెతుక్కుంటున్న తెలుగు కుటుంబాల పిల్లలు ఇప్పుడు తక్కువమందేం కాదు. కార్పొరేట్ ఫర్ములు, ఇమిగ్రేషన్ ప్రాక్టీసు, పేటెంట్లు... వాళ్ల చూపు ఎక్కువగా వీటి చుట్టూనే తిరుగుతుంటుంది. ఫెడరల్ జిల్లా కోర్టుల్లో ప్రో సే లా క్లర్కు అనే కొలువు ఒకటుందని చాలామందికి తెలియదు. లాయరు లేకుండా తమంతట తాము కోర్టుకెక్కేవాళ్ల కాగితాలు చదవడం, జడ్జికి నోటు రాయడం, ఉత్తర్వు ముసాయిదా తయారుచేయడం దీని పని. ఆ కాగితాల్లో ఎక్కువభాగం జైళ్ల నుంచి వస్తాయి. వాటిలో బరువైనవి హెబియస్ కార్పస్ పిటిషన్లు. అప్పీలు కోర్టుల్లో ఇలాంటి పనే చేసేవాళ్లను స్టాఫ్ అటార్నీలంటారు. జీతం ప్రభుత్వ స్కేలు. పెద్ద ఫర్ములో చేరిన క్లాస్‌మేటు జీతంతో పోల్చుకుంటే నిద్రపట్టదు కాబట్టి పోల్చుకోకండి.

దరఖాస్తు సంగతి ముందే చెప్పేస్తాను. ఫెడరల్ కోర్టులో జీతం తీసుకునే ఉద్యోగానికి సాధారణంగా అమెరికా పౌరసత్వం ఉండాలి. గ్రీన్ కార్డు ఉండి పౌరసత్వం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లకూ కొన్ని షరతుల మీద అవకాశం ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఈ దారిలో ఆశ పెట్టుకోకపోవడమే మేలు. ఖాళీలు 'ఆస్కార్' అనే ఆన్‌లైన్ వ్యవస్థలోనూ, ఆయా కోర్టుల వెబ్‌సైట్లలోనూ పడతాయి. ఇంటర్వ్యూలో మీ రాత నమూనా అడుగుతారు. లా రివ్యూలో వచ్చిన వ్యాసం కంటే, ఒక చిక్కు ప్రశ్నకు అయిదారు పేజీల్లో సూటిగా జవాబు చెప్పిన మెమో తీసుకెళ్లండి. రేపు మీరు అక్కడ రాయబోయేది అదే.

ఇక పని. హెబియస్ కార్పస్ అనగానే మనవాళ్లకు తోచేది ఒకటి, అమెరికాలో మీ బల్ల మీదికి వచ్చేది మరొకటి. మన పత్రికల్లో ఈ మాట కనిపించే సందర్భం తెలిసిందే: రాత్రి పోలీసులు మనిషిని తీసుకెళ్లారు, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టలేదు, ఇంటివాళ్లు హైకోర్టుకు వెళ్లారు. కన్నబిరాన్ తరం పౌరహక్కుల లాయర్లు ఈ పిటిషన్‌ను ఊరూరికీ తెలిసేలా చేశారు. ఇప్పటికీ ముందస్తు నిర్బంధ చట్టం (పీడీ యాక్టు) కింద జైల్లో పెట్టినవాళ్ల కోసం హైకోర్టుకు వెళ్లేది ఈ దారినే. అంటే నేరం రుజువు కాకముందే బంధించారన్నది ఫిర్యాదు. అమెరికా ఫెడరల్ కోర్టులకు వచ్చే ఖైదీల పిటిషన్లలో అధికభాగం అలాంటివి కావు. విచారణ అయిపోయింది, జ్యూరీ దోషి అంది, శిక్ష పడింది, రాష్ట్రంలో అప్పీళ్లూ అయిపోయాయి. ఆ తర్వాత ఖైదీ వచ్చి, ఈ మొత్తంలో అమెరికా రాజ్యాంగం నాకిచ్చిన హక్కును తొక్కేశారు, చూడండి అంటాడు. ఉస్మానియాలోనో విశాఖలోనో ఎల్‌ఎల్‌బీ చేసి, ఎల్‌ఎల్‌ఎం కోసం అమెరికా వెళ్లినవాళ్లు ఈ తేడాను మొదటిరోజే మనసులో పెట్టుకోవాలి. లేకపోతే ప్రతి పిటిషన్ అప్పీలులాగా కనిపించి, చూడాల్సినది వదిలేసి సాక్ష్యాలు తూచడం మొదలుపెడతారు.

దారులు మూడు. రాష్ట్ర కోర్టు శిక్ష వేసిన ఖైదీ సెక్షన్ 2254 కింద వస్తాడు. ఫెడరల్ కోర్టు శిక్ష వేసినవాడు సెక్షన్ 2255 కింద, తనకు శిక్ష వేసిన కోర్టుకే మోషన్ పెట్టుకుంటాడు. శిక్షను ఎలా అమలు చేస్తున్నారన్న దాని మీదా, శిక్షతో సంబంధం లేని నిర్బంధం మీదా ఫిర్యాదు ఉంటే సెక్షన్ 2241. రాష్ట్ర ఖైదీలకు ఫెడరల్ కోర్టుల తలుపు విశాలంగా తెరిచింది 1867 నాటి చట్టం. దాన్ని బాగా ఇరుకు చేసింది 1996 ఏప్రిల్ 24న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టం. ఓక్లహామా సిటీ బాంబు పేలుడు జరిగిన ఏడాదికి వచ్చిన చట్టమది. దాని పూర్తి పేరు ఎవరూ పలకరు. కోర్టులో అందరూ 'ఎడ్‌పా' అంటారు. మీ ఉద్యోగ జీవితమంతా ఈ రెండక్షరాల నీడలోనే నడుస్తుంది.

ఎడ్‌పా తెచ్చిన వాటిలో ఖైదీల మీద రోజూ పడే దెబ్బ ఒక్క ఏడాది గడువు. అందుకే పిటిషన్ చేతికి రాగానే అందులోని వాదన చదవకముందు తేదీలు చూడాలి. తేదీల కంటే ముందు కవరు చూడాలి.

కవరు ఎందుకంటే, జైల్లో ఉన్న మనిషి పోస్టాఫీసుకు వెళ్లలేడు. కాగితం జైలు సిబ్బంది చేతిలో పెట్టడం వరకే అతని వశం. 1988లో హూస్టన్ వర్సెస్ లాక్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గుర్తించింది. టెనెసీ ఖైదీ హూస్టన్ అప్పీలు నోటీసు ఇవ్వడానికి 30 రోజుల గడువు. అతను 27వ రోజున జైలు అధికారులకు ఇచ్చాడు. కోర్టు ముద్ర పడింది 31వ రోజున. జైలువాళ్లకు ఇచ్చిన రోజే దాఖలైన రోజని సుప్రీంకోర్టు తేల్చింది. సెక్షన్ 2254 కేసుల నియమావళిలో ఇప్పుడు మూడో నియమం ఇదే చెబుతుంది. కాబట్టి కవరు మీద జైలు మెయిల్ రూము ముద్ర, పోస్టు ముద్ర, లోపల చివరి పేజీలో 'ఫలానా తేదీన జైలు మెయిల్‌లో వేశాను' అన్న ప్రమాణం, సంతకం పక్కన తేదీ, కోర్టు స్టాంపు... ఇన్ని తేదీలు మీ ముందుంటాయి. ఇవన్నీ ఒకటే కాకపోవడం మామూలే. క్లర్కు కార్యాలయం కవరును స్కాన్ చేసిందో లేదో మొదట కనుక్కోండి. చేయకపోతే వెళ్లి అడగండి. చెత్తబుట్టలోకి పోయిన కవరుతో పాటు ఒక మనిషి కేసు పోవచ్చు.

ఇప్పుడు లెక్క ఒకటి చేసి చూపిస్తాను. ఇది ఉదాహరణ కోసం అల్లినదే గానీ, రోజూ ఎదురయ్యే రకం. ఒక ఖైదీ నేరుగా చేసుకున్న అప్పీలును రాష్ట్ర అత్యున్నత కోర్టు 2022 మార్చి 10న తోసిపుచ్చింది. అతను అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లలేదు. అయినా వెళ్లడానికి ఉన్న 90 రోజులు అతనివే. అవి జూన్ 8తో ముగుస్తాయి. ఏడాది గడియారం జూన్ 9న మొదలవుతుంది. డిసెంబరు 15న అతను రాష్ట్ర ట్రయల్ కోర్టులో తన లాయరు సరిగా వాదించలేదని పోస్ట్ కన్విక్షన్ పిటిషన్ వేశాడు. సరిగా దాఖలైన అలాంటి పిటిషన్ నడుస్తున్నంతకాలం గడియారం ఆగుతుంది. అప్పటికి ఖర్చయినవి జూన్‌లో 22, జులై 31, ఆగస్టు 31, సెప్టెంబరు 30, అక్టోబరు 31, నవంబరు 30, డిసెంబరులో 14, వెరసి 189 రోజులు. మిగిలినవి 176. రాష్ట్రంలో ఆఖరి మెట్టు మీద అతని పిటిషన్ 2023 సెప్టెంబరు 20న పోయింది. మర్నాటి నుంచి గడియారం మళ్లీ నడుస్తుంది. సెప్టెంబరులో 10, అక్టోబరు 31, నవంబరు 30, డిసెంబరు 31, జనవరి 31. తర్వాత ఫిబ్రవరి... 2024 లీపు సంవత్సరం, కాబట్టి 29. ఇక్కడికి 162. మార్చిలో ఇంకో 14. ఆఖరిరోజు 2024 మార్చి 14, గురువారం. పిటిషన్ మీద కోర్టు స్టాంపు మార్చి 19 అని ఉంది. స్టాంపు చూసి గడువు దాటిందని రాసేయొచ్చు. కవరు మీద జైలు ముద్ర మార్చి 13. గడువు దాటలేదు.

ఇందులో కొత్తవాళ్లు పడే గోతులు మూడు చోట్ల ఉన్నాయి. మొదటి అప్పీలు తర్వాత 90 రోజులు కలుపుతాం గదా అని పోస్ట్ కన్విక్షన్ తర్వాత కూడా కలపడం ఒకటి. అది కుదరదని 2007లో లారెన్స్ వర్సెస్ ఫ్లోరిడా తీర్పు వచ్చింది. అప్పీలును రాష్ట్ర అత్యున్నత కోర్టు దాకా తీసుకెళ్లని ఖైదీకి ఆ 90 రోజులు ఇవ్వడం రెండోది. 2012 నాటి గొంజాలెజ్ వర్సెస్ థేలర్ ప్రకారం అతనికి ఆ రాష్ట్ర కోర్టుకు వెళ్లే గడువు తీరిన రోజే లెక్క మొదలు. మూడోది, ఇదివరకు ఫెడరల్ కోర్టులో వేసి పోగొట్టుకున్న పిటిషన్ నడిచిన రోజులను కూడా మినహాయించడం. రాష్ట్ర కోర్టులో నడిచిన రోజులకే ఆ మినహాయింపు.

లెక్క మీరు సొంతంగా చేయాలి. రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం వేసిన లెక్కను నమ్మి ముందుకెళ్లకండి. ఫ్లోరిడా ఖైదీ డే కేసులో రాష్ట్రం తరఫు లాయరే 352 రోజులు గడిచాయని, పిటిషన్ గడువులోనే వచ్చిందని ఒప్పుకున్నాడు. మెజిస్ట్రేట్ జడ్జి మళ్లీ లెక్కపెడితే 388 వచ్చింది. కోర్టు తనంతట తాను ఇలా గడువు ప్రశ్న లేవనెత్తవచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఖైదీకి ముందు నోటీసిచ్చి, అతను చెప్పేది వినాలని కూడా అదే తీర్పులో ఉంది. మొదటి సగం గుర్తుపెట్టుకుని రెండో సగం మరిచిపోయేవాళ్లు ఉంటారు. మీరు ముసాయిదా రాసేటప్పుడు 'గడువు దాటినట్టు కనిపిస్తోంది, ఎందుకు కొట్టేయకూడదో ఫలానా తేదీలోగా చెప్పండి' అన్న ఉత్తర్వు ముందు పంపించేలా జడ్జికి సూచించండి. ఆ జవాబులో ఎన్నోసార్లు అసలు సంగతి బయటపడుతుంది. జైలు మార్చారని, కాగితాల పెట్టె వెనకబడిపోయిందని, రాష్ట్ర కోర్టు తీర్పు ప్రతి తనకు చేరనే లేదని రాస్తారు.

గడువు నిజంగానే దాటినా కొన్నిసార్లు దారి ఉంటుంది. ఆల్బర్ట్ హాలండ్ ఫ్లోరిడాలో మరణశిక్ష పడ్డ ఖైదీ. అతనికి ప్రభుత్వం ఇచ్చిన లాయరుకు గడువు గురించి ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. జవాబు లేదు. ఆ లాయరు రాష్ట్రంలో పిటిషన్ వేసేనాటికే ఏడాదిలో 12 రోజులే మిగిలాయి. 2006 జనవరి 18న జైలు లైబ్రరీలో పనిచేస్తూ, తన కేసును ఫ్లోరిడా సుప్రీంకోర్టు అయిదు వారాల కిందటే ముగించేసిందని హాలండ్ స్వయంగా కనుక్కున్నాడు. వెంటనే చేత్తో పిటిషన్ రాసి మర్నాడు పోస్టు చేశాడు. గడువు అప్పటికే పోయింది. శ్రద్ధగా వెంటపడిన ఖైదీకి అసాధారణమైన అడ్డంకి ఎదురైతే గడువు సడలించవచ్చని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. గమనించారా, ఆ ఖైదీ తన లాయరు కంటే చట్టం బాగా తెలిసినవాడు. నిర్దోషినని బలంగా చూపగలిగే కొత్త సాక్ష్యం ఉంటే గడువు అడ్డురాదని 2013లో మెక్విగిన్ వర్సెస్ పెర్కిన్స్‌లో అన్నారు. ఆ తలుపు ఉంది గానీ, అందులోంచి వెళ్లగలిగినవాళ్లు అతి కొద్దిమంది.

నన్నడిగితే, లాయరు లేని మనిషికి ఒక్క ఏడాది గడువు మరీ కఠినం. కానీ మీ జడ్జి ముందుకు ఆ అభిప్రాయం తీసుకెళ్లకండి. లెక్క తీసుకెళ్లండి.

తేదీ విషయంలో ఇంకొక్క కేసు చెప్పి ఊరుకుంటాను. ఇది మీలాంటివాళ్ల కోసమే జరిగిందా అనిపిస్తుంది. ఓహయో ఖైదీ కీత్ బౌల్స్ హెబియస్ పిటిషన్ పోయింది. అప్పీలు గడువు తిరిగి తెరవమని అడిగాడు. చట్టం ఇచ్చేది 14 రోజులు. జిల్లా కోర్టు ఉత్తర్వులో 2004 ఫిబ్రవరి 27 దాకా, అంటే 17 రోజులు, ఇచ్చారు. అతను ఫిబ్రవరి 26న వేశాడు. జడ్జి ఇచ్చిన తేదీకి ఒకరోజు ముందే. 2007లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, చట్టం చెప్పిన తేదీ దాటింది కాబట్టి అప్పీలు వినే అధికారమే లేదంది. ఉత్తర్వును నమ్మినవాడు ఓడిపోయాడు. ముసాయిదాలో మీరు వేసే ప్రతి తేదీనీ సెక్షన్ పక్కన పెట్టుకుని ఇంకోసారి సరిచూడమనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

తేదీల తర్వాత చూడాల్సింది పిటిషన్‌కు పెట్టిన పేరు. ఖైదీ పైన ఏం రాశాడన్నది ముఖ్యం కాదు, ఏం అడుగుతున్నాడన్నది ముఖ్యం. లాయరు లేనివాళ్ల రాతను ఉదారంగా అర్థం చేసుకోవాలని 1972 నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. అక్షరం ఒకరిది, సంతకం ఒకరిదిగా ఉన్న పిటిషన్లు మీకు కనిపిస్తాయి. జైల్లో చట్టం కాస్త తెలిసిన తోటి ఖైదీ రాసిపెట్టినవి అవి. వేరే సాయం ఏర్పాటు చేయకుండా జైళ్లు దాన్ని నిషేధించకూడదని 1969లోనే తీర్పు ఉంది. కాబట్టి దాన్ని అనుమానంగా చూడకండి. కానీ ఆ తోటి ఖైదీ ఇంకొకరి పిటిషన్‌లోని పేరాలను ఎత్తి ఇందులో రాసి ఉండొచ్చు. పక్క రాష్ట్రం చట్టాలు, ఈ కేసులో లేని సాక్షుల పేర్లు దొర్లుతాయి. అవి చూసి మొత్తం పక్కన పెట్టేయకండి. 'గ్రౌండ్ వన్' కింద సొంత అక్షరంతో ఇరికించిన నాలుగు వాక్యాల్లో అసలు ఫిర్యాదు దాగి ఉండొచ్చు. అచ్చు ఫారంలో నాలుగు గ్రౌండ్లకు చోటుంటుంది. అదనపు కాగితాలూ వెనక మార్జిన్లూ కూడా చదవండి.

ఉదారంగా చదవడంలోనూ ఒక ప్రమాదం ఉంది. మేలు చేస్తున్నాననుకుని పేరు మార్చితే ఖైదీకి కీడు జరగొచ్చు. ఫెడరల్ ఖైదీ వేసిన ఏదో మోషన్‌ను మీరు సెక్షన్ 2255 మోషన్‌గా మార్చారనుకోండి. అతనికి మొదటి అవకాశం అక్కడితో ఖర్చయిపోతుంది. రెండోసారి రావాలంటే అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీల అనుమతి కావాలి, అది అరుదుగా దొరుకుతుంది. అందుకే 2003లో కాస్ట్రో కేసులో సుప్రీంకోర్టు నిబంధన పెట్టింది: ఇలా మార్చబోతున్నామని ముందు చెప్పాలి, దాని ఫలితమేమిటో హెచ్చరించాలి, వెనక్కి తీసుకోవడానికో సవరించుకోవడానికో అవకాశమివ్వాలి. ఇలాంటి హెచ్చరిక ఉత్తర్వు నమూనా మీ కోర్టులో ఇప్పటికే ఉంటుంది, అడిగి తీసుకోండి.

జైల్లో వైద్యం అందడం లేదు, కొట్టారు అన్నవి హెబియస్ కిందికి మామూలుగా రావు. అవి సెక్షన్ 1983 పౌరహక్కుల దావాలు. ఇక్కడ డబ్బు తేడా చూడండి. హెబియస్ పిటిషన్ రుసుము 5 డాలర్లు. దావా అయితే పేద ఖైదీ కూడా 350 డాలర్లు, జైలు ఖాతాలోంచి కొంచెం కొంచెంగా కోత పడుతూ, కట్టి తీరాలి. పైగా పసలేని దావాలని మూడుసార్లు కొట్టేస్తే తర్వాత రుసుము ముందే కట్టాలి. ఈ నిబంధనలు తెచ్చిన చట్టం ఎడ్‌పా వచ్చిన రెండురోజులకే, 1996 ఏప్రిల్ 26న వచ్చింది. గంటకు కొద్ది సెంట్ల కూలి వచ్చే మనిషికి 350 డాలర్లు ఎన్ని నెలల పనో లెక్కేసుకోండి. హెబియస్ పేరుతో వచ్చిన కాగితాన్ని అడగకుండా దావాగా మార్చే ముందు ఆ లెక్క గుర్తుండాలి.

తర్వాతి మెట్టు, రాష్ట్ర కోర్టుల్లో అన్ని దారులూ వాడుకున్నాడా అన్నది. ప్రతి ఫిర్యాదునూ రాష్ట్ర అత్యున్నత కోర్టు దాకా తీసుకెళ్లి ఉండాలి. కొన్ని తీసుకెళ్లి, కొన్ని తీసుకెళ్లకుండా కలిపి వేస్తే దాన్ని మిశ్రమ పిటిషన్ అంటారు. 1982 నాటి రోజ్ వర్సెస్ లండీ ప్రకారం దాన్ని అలాగే విచారించకూడదు. ఎడ్‌పా రాకముందు కొట్టేసినా, ఖైదీ రాష్ట్రానికి వెళ్లి మళ్లీ రాగలిగేవాడు. ఇప్పుడు వెళ్లొచ్చేసరికి ఏడాది దాటిపోతుంది. 2005లో రైన్స్ వర్సెస్ వెబర్ తీర్పు దీనికి మందు చూపింది: తగిన కారణం ఉంటే పిటిషన్‌ను ఆపి ఉంచి, ఖైదీని రాష్ట్ర కోర్టుకు పంపవచ్చు. లేదా తీసుకెళ్లని ఫిర్యాదులను వదులుకోనివ్వవచ్చు. ఏ దారి పట్టినా ఖైదీకి అర్థమయ్యేలా చెప్పడం మీ రాత మీద ఆధారపడి ఉంటుంది.

ఇవన్నీ దాటుకుని ఫిర్యాదు దాకా వచ్చిన పిటిషన్‌కు సెక్షన్ 2254(డి) ఎదురవుతుంది. రాష్ట్ర కోర్టు తప్పుచేసిందనిపిస్తే చాలదు. అమెరికా సుప్రీంకోర్టు స్పష్టంగా స్థిరపరిచిన చట్టాన్ని అది సహేతుకం కాని రీతిలో వర్తింపజేసి ఉండాలి, లేదా దానికి విరుద్ధంగా వెళ్లి ఉండాలి. 2011లో హారింగ్టన్ వర్సెస్ రిక్టర్ ఈ గోడను ఇంకా ఎత్తు చేసింది. ముసాయిదాలో 'రాష్ట్ర కోర్టు పొరబడింది' అని రాసి ఆగిపోతే మీ జడ్జి ఎర్ర సిరాతో తిప్పి పంపుతారు. అసలు రాష్ట్ర కోర్టు ఈ ఫిర్యాదును విచారించి తీర్పు చెప్పిందా, లేక వేరే నెపంతో దాటవేసిందా అన్నది ముందు తేల్చండి. ఈ ప్రశ్నకు జవాబు ఒక్కోసారి రాష్ట్ర తీర్పులోని ఫుట్‌నోటులో ఉంటుంది.

ఫలితాలు ఎలా ఉంటాయో దాచిపెట్టి మిమ్మల్ని ఈ ఉద్యోగంలోకి పిలవడం న్యాయం కాదు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ, నేషనల్ సెంటర్ ఫర్ స్టేట్ కోర్ట్స్ పరిశోధకులు 2007లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మరణశిక్ష లేని కేసుల్లో పిటిషన్ గెలిచింది వెయ్యికి నాలుగింటి లోపు. పదిమంది పిటిషనర్లలో తొమ్మిదిమందికి పైగా లాయరు లేరు. మరణశిక్ష కేసుల్లో లాయరు హక్కు చట్టంలోనే ఉంది, గెలుపూ ఎక్కువే. మిగతావారికి విచారణ అవసరమైతేనో, జడ్జికి న్యాయమనిపిస్తేనో లాయరును ఇస్తారు. గెలిచినా జైలు తలుపు ఆ సాయంత్రమే తెరుచుకోదు. ఇన్ని రోజుల్లో మళ్లీ విచారణ జరపండి, లేదంటే వదిలేయండి అన్న షరతుతో రిట్ వస్తుంది.

అంటే మీరు రాసే ముసాయిదాల్లో దాదాపు అన్నీ కొట్టివేత ఉత్తర్వులే. ఇది తెలిశాక కొందరు అలసత్వంలో పడతారు. నెల తిరిగేసరికి నమూనా ఉత్తర్వులో పేరు మార్చి పంపడం అలవాటవుతుంది. సెక్షన్ 2254 కేసుల నాలుగో నియమం ప్రకారం, జడ్జి జవాబు అడిగేదాకా రాష్ట్రం తరఫు లాయరు కోర్టుకు రానక్కర్లేదు. ఖైదీకి లాయరు లేడు. జడ్జి ముందు వందల కేసులున్నాయి. ఆ దశలో కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివే మనిషి మీరొక్కరే కావచ్చు. కాబట్టి నమూనాను ఆఖర్న తెరవండి. ముందు పిటిషన్, తర్వాత రాష్ట్ర కోర్టు డాకెట్, ఆ తర్వాత తీర్పులు, అవసరమైతే ట్రాన్‌స్క్రిప్టు. రాష్ట్ర కోర్టు డాకెట్ ఆన్‌లైన్‌లో ఉంటే స్వయంగా తెరిచి చూడండి. ఖైదీ రాసిన తేదీ, డాకెట్ తేదీ వేరైతే ఎందుకు వేరయ్యాయో కనుక్కున్నాకే లెక్క మొదలుపెట్టండి.

ట్రాన్‌స్క్రిప్టుల గురించి ఒకమాట. పిల్లల మీద జరిగిన నేరాలు, హత్యలు, బాధితుల తల్లుల సాక్ష్యాలు వరసగా చదవాల్సి వస్తుంది. అలాంటివి రోజు మొదట్లో చదివి, మధ్యాహ్నం తేదీల లెక్కలు పెట్టుకోవడం కొందరికి కుదురుతుంది. ఇంటికి తీసుకెళ్లి రాత్రి చదవడం ఎవరికీ మంచిది కాదు.

ఉత్తర్వు భాష విషయంలో జడ్జిలకు తమతమ అలవాట్లుంటాయి, వాటిని నేర్చుకోక తప్పదు. అయినా చదివేది జైలు గదిలో ఉన్న మనిషని మరవకండి. మొదటి పేరాలోనే ఏం తేల్చారో చెప్పండి. గడువు లెక్క మీద కొట్టేస్తే ఆ లెక్కను, పైన నేను వేసినట్టు, తేదీలతో సహా రాయండి. తప్పుంటే అతనే పట్టుకుని చూపిస్తాడు. మెజిస్ట్రేట్ జడ్జి సిఫార్సు నివేదిక అయితే, అభ్యంతరాలకు 14 రోజులుంటాయని చివర స్పష్టంగా ఉండాలి. తుది ఉత్తర్వులో సర్టిఫికెట్ ఆఫ్ అప్పీలబిలిటీ ఇస్తున్నారో నిరాకరిస్తున్నారో పదకొండో నియమం ప్రకారం తేల్చాలి. అది లేకుండా అప్పీలు నడవదు. కొట్టేసిన చేత్తోనే దీన్నీ నిరాకరించే ఒకే వాక్యం అలవాటుగా అతికించేస్తుంటారు. ఈ ప్రశ్న మీద తెలివైన మరో జడ్జి వేరేలా ఆలోచించే అవకాశం ఉందా అన్నది అక్కడ అడగాల్సిన ప్రశ్న. ఆ వాక్యం అతికించే ముందు కాసేపు నిజంగా మిమ్మల్ని మీరే అడగండి.

మనవాళ్లలో ఈ ఉద్యోగం చేసేవాళ్లకు వచ్చే చిక్కు ఇంకొకటుంది. మీరు ఫెడరల్ కోర్టులో పనిచేస్తున్నారని తెలిశాక, తెలుగు సంఘం ఉగాది భోజనాల దగ్గర ఎవరో ఒకరు పక్కకు పిలుస్తారు. "బాబూ, మా తోడల్లుడి కొడుకును ఇమిగ్రేషన్ వాళ్లు పట్టుకెళ్లారు, హెబియస్ ఏదో వేస్తారట గదా, మీ జడ్జిగారికి ఒక్కమాట..." అంటారు. 2019లో మిషిగన్‌లో నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో పెద్దసంఖ్యలో భారతీయ విద్యార్థులను, వారిలో తెలుగువారిని, అదుపులోకి తీసుకున్నప్పటి నుంచి ఇలాంటి భయం మనవాళ్లలో గూడు కట్టుకుంది. వాళ్ల ఆందోళన నిజమే. కానీ కోర్టు ఉద్యోగిగా మీరు న్యాయసలహా ఇవ్వకూడదు, లోపలి కేసు గురించి మాట్లాడకూడదు, జడ్జికి మాట వేయడమన్న ఊహే ఉద్యోగానికి ముప్పు. పెద్దవాళ్ల మాట కాదనలేక 'చూస్తానులెండి' అని కూడా అనకండి. "అంకుల్, నేను ఇందులో ఒక్కమాట కూడా చెప్పకూడదు. ఈరోజే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి, మనిషిని ఎక్కడ ఉంచారో ఆ ఊరి పేరు లాయరుకు ముందు చెప్పండి" అంటే చాలు. ఊరి పేరు ఎందుకో ఆ లాయరుకు తెలుసు: సెక్షన్ 2241 పిటిషన్ సాధారణంగా మనిషిని నిర్బంధించిన జిల్లాలోని కోర్టులోనే వేయాలని 2004లో పడియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2025 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ నిర్బంధితుల విషయంలో మళ్లీ చెప్పింది. ఒక రాష్ట్రంలో పట్టుకుని మరో రాష్ట్రానికి తరలిస్తే, ఏ కోర్టుకు వెళ్లాలన్నదే మొదటి తగాదా అవుతుంది.

ఇన్ని చెప్పాక కూడా ఈ పని మీకు సరిపడుతుందో లేదో తేల్చుకోవడానికి దరఖాస్తుకు ముందే ఒక మార్గం ఉంది. ఫెడరల్ కోర్టుల రికార్డులు 'పేసర్' అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీరున్న జిల్లాలో ముగిసిపోయిన సెక్షన్ 2254 కేసులు కొన్ని ఎంచుకుని, ఖైదీ పిటిషన్ నుంచి తుది ఉత్తర్వు దాకా వరసగా చదవండి. తీర్పు తెరవకముందే మీ గడువు లెక్క మీరు వేసి, తర్వాత పోల్చుకోండి. ఇమిగ్రేషన్ నిర్బంధం కేసుల కాగితాలు బయటివాళ్లకు ఇంటి నుంచి తెరుచుకోవు గానీ, ఇవి తెరుచుకుంటాయి. పేజీకి 10 సెంట్లు, ఒక్క పత్రానికి 3 డాలర్లకు మించదు, జడ్జి తీర్పులకు రుసుమే లేదు. మూడునెలల్లో మీ వాడకం మొత్తం 30 డాలర్లు దాటకపోతే బిల్లే రాదు.